తాత ఈల (వాడకట్టు ముచ్చట్లు - 17)

మా ఇంట్లో ఈల వేయకూడదు. రాత్రిపూట ఈల వేస్తే పాములొస్తాయని చాలా ఇళ్లలో అంటారు కదా, అది కాదు. మా బాపమ్మకు పట్టపగలు కూడా ఈల సప్పుడు పడదు. బయట ఎక్కడ వేసుకున్నా ఆమెకు పట్టింపు లేదు, గడప లోపల మాత్రం వద్దు. చిన్నప్పుడు ఒకసారి మామిడి టెంకను బండకు రాకి చేసుకున్న పీకను ఊదుకుంటూ ఇంట్లోకొస్తే, నోట్లోంచి గుంజి పెంకల మీదికి విసిరేసింది. "గా సప్పుడు ఇంటే నా పానం జల్లుమంటది బిడ్డా" అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆమె పోయిన తర్వాత, దినాలకు వచ్చిన చుట్టాలందరూ వెళ్లిపోయాక, బాపు చెప్పాడు.

ఇది వేటకుక్కల ముచ్చట. మధ్యలో తెలుగు సాహిత్యం వస్తుంది, నా పొట్టకూడు అది కాబట్టి.

జగిత్యాల దిక్కున మా ఊరి గడిలో తాత వెట్టి చేసేవాడు. మాదిగ ఇంటి మగవాడికి గడిలో ఏ పనులుంటాయో మీకు తెలియనివి కావు. చెప్పులు కుట్టాలి, మోటకు తోలు బొక్కెన కుట్టాలి, చచ్చిన గొడ్డును మోసుకుపోవాలి, చాటింపు వేయాలి, దొర ఊరికి పోతుంటే కచ్చురం ముందు ఉరకాలి. తాతకు వీటి మీద ఇంకో పని పడింది. దొరకు నాలుగు వేటకుక్కలుండేవి. తోలు పని తెలిసినవాడని మొదట వాటి మెడపట్టీలు కుట్టడానికి పిలిచారు. పట్టీ కొలత తీయడానికి ఒక కుక్క మెడ మీద చెయ్యి వేస్తే, అందరినీ కరిచే ఆ కుక్క తాత ముందు పడుకుందట. ఆ రోజు నుంచి కుక్కలు తాత నెత్తిన పడ్డాయి. జీతం లేదు. కుక్కలకు దినాం మాంసం, తాతకు పండుగకు ఒక కుంచెడు జొన్నలు.

దొర వేటంటే సంవత్సరానికి పది, పదిహేను సార్లు. కోతలయ్యాక కుందేళ్లకు, ఎండాకాలం అడవిపందులకు. మా వాడ మగవాళ్లు డప్పులు కొట్టుకుంటూ పొదలను ఒక దిక్కు నుంచి తోలుకొస్తే, ఇవతలి దిక్కున దొర తుపాకి పట్టుకుని నిలబడతాడు. మధ్యలో కుక్కలు. డప్పుల మోతలో, మనుషుల అరుపుల్లో, రెండు వందల గజాల దూరంలో పంది వెంట పడిన కుక్కకు మాట ఎట్లా చేరాలి? అక్కడ ఈల కావాలి.

బాపు అప్పుడు పదహారు, పదిహేడేళ్లవాడు. తాత వెంట గడికి పోయేవాడు. తాత కుక్కకు ఎట్లా నేర్పేవాడో బాపు చెప్పింది చెప్పినట్టు రాస్తాను, ఎందుకంటే నేను ఇంత చదివి ఏడేళ్లు పాఠాలు చెప్పి నేర్చుకున్న బోధన పద్ధతి దీనికన్నా గొప్పదేం కాదు.

రెండు నెలల పిల్లప్పుడు మొదలుపెట్టేవాడు. గిన్నె ముందు పెడుతూ ఒక ఈల. మూడు చిన్న ముక్కలు, కింది నుంచి పైకి: టుయ్, టుయ్, టుయ్. పది రోజులు ఇంకేమీ లేదు. ఈల, ముద్ద. ఈల, ముద్ద. పదకొండో రోజు గిన్నె చేతిలో పట్టుకుని వాకిలి ఆ చివర నిలబడి అదే ఈల. పిల్ల ఉరికొస్తుంది. తర్వాత గిన్నె లేకుండా ఈల, వచ్చాక ముద్ద. తర్వాత వచ్చాక ముద్ద ఒకసారి ఉంటుంది, ఒకసారి వీపు మీద చెయ్యి మాత్రమే. ఆ ఈలకు అర్థం "రా". ఆ ఈల వేసి పిలిచి కొట్టకూడదు. పెట్ట మెడ కొరికినా సరే, పిలిచి కొట్టకూడదు. కొట్టాలనిపిస్తే నువ్వే నడుచుకుంటూ దాని దగ్గరికి పో అనేవాడట. నడిచేలోపు సగం కోపం పోతుంది కదా.

రెండోది "ఆగు". ఒకే ఈల, పొడుగ్గా, ఎక్కడా వంగకుండా. దీనికి పది గజాల తాడు కావాలి. తాడు కుక్క మెడకు కట్టి కొసను నేల మీద వదిలేస్తాడు. కుక్క ఉరుకుతుంటే ఈల వేసి, ఆ వెంటనే తాడును కాలితో తొక్కుతాడు. కుక్క ఆగుతుంది, ఆగాక పోయి ముద్ద పెడతాడు. కొన్నాళ్లకు తాడు తొక్కాల్సిన పని పడదు. ఇంకొన్నాళ్లకు తాడే ఉండదు. అన్నింటికన్నా ఎక్కువ రోజులు దీని మీదే పెట్టేవాడు. "ఉరుకుడు దానికి పుట్టుకతోనే అస్తది. ఆగుడే మనం నేర్పాలె" అనేవాడట.

మూడోది పక్కకు తిరగమని, రెండు చిన్న ముక్కలు. కుక్క తిరిగి చూస్తే ఏ దిక్కో చేత్తో చూపిస్తాడు. నాలుగోది "పో", సాగదీసి చివరకు ఎగరేసే ఈల.

ఒక ఈల రెండుసార్లు వేయకూడదు. ఇది తాత గట్టిగా పట్టుకున్న నియమం. ఒకసారి వేస్తే రాకపోతే, రెండోసారి వేస్తే వస్తే, కుక్క ఏం నేర్చుకుంటుంది? రెండోసారికి రావాలని నేర్చుకుంటుంది. వినలేదంటే అది ఇంకా పాఠం రాని చోట పరీక్ష పెట్టావని లెక్క. వెనక్కి పో. వాకిట్లో వచ్చాక వాడలోకి, వాడలో వచ్చాక చెరువుకట్ట మీదికి, అక్కడ వచ్చాక కోసిన మడిలోకి, ఆఖరికి కుందేలు వాసన ఉన్న పొదల్లోకి. కుక్క అలసిపోకముందే పాఠం ఆపేయాలి. మన సిలబస్ కమిటీల్లో ఎవరికైనా ఈ సంగతి తెలిస్తే బాగుండు.

నోటి మాట ఎందుకు వద్దు అని బాపు అడిగితే, మాటలో కోపం ఉంటుంది అన్నాడట. భయం ఉంటుంది, నిన్న తాగిన కల్లు ఉంటుంది. పొద్దున్న ఒక రీతి, మాపటికి ఒక రీతి. ఈల ఎప్పుడూ ఒక్క తీరే. పైగా గాలికి ఎదురు నిలబడి అరిస్తే మాట చెదిరిపోతుంది, సన్నని ఈల పోతుంది.

ఇంగ్లండు వాళ్ల వేటకుక్కల శిక్షణ గురించి చదివినప్పుడు నవ్వొచ్చింది. అక్కడా పొడుగు ఈల అంటే ఆగు, చిన్న చిన్న ముక్కలంటే రా. అక్కడా పొడుగు తాడు. ఎవరు ఎవరిదీ చూసి రాయలేదు, కుక్క చెవి, కుక్క బుద్ధి రెండు చోట్లా ఒకటే కాబట్టి దారి కూడా ఒకటే అయ్యింది. ఒక్క తేడా ఉంది. బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ హడ్సన్ పెట్టిన ఆక్మే కంపెనీ, 1884లో థండరర్ ఈలను తెచ్చిన కంపెనీ, వేటకుక్కలకు 210½, 211½ అని నంబర్లున్న ఈలలు అమ్ముతుంది. ఒక్కో నంబరుకు ఒక్కో శ్రుతి. ఈల పారేసుకుంటే అదే నంబరుది కొనుక్కోవచ్చు, కుక్కకు తేడా తెలియదు. తాత శ్రుతి మాత్రం రెండు వేళ్ల సందున, పై పళ్ల వెనక ఉండేది. దుకాణంలో దొరకదు.

బ్రిటన్‌లో గొర్రెలు కాసే బోర్డర్ కోలీలతో ఇంకో పద్ధతి ఉంది. ఒకే కాపరి రెండు కుక్కలను ఒకేసారి నడిపించాలంటే ఒక్కో కుక్కకు వేరే వేరే ఈలలు నేర్పుతాడు. ఒకదాని ఈలకు రెండోది కదలదు.

మా గడిలోనూ ఇట్లాంటి ఏర్పాటే ఉండేది. నాలుగు ఈలలు కుక్కలవి. అయిదోది మా తాతది.

దొర గడి మీది అరుగు నుంచి ఒక ఈల వేసేవాడు. అది ఊరంతా వినబడేది. పొడుగ్గా మొదలై మధ్యలో తెగి మళ్లీ పొడుగ్గా. అది వినబడితే తాత తింటున్న ముద్ద కంచంలో వదిలేసి ఉరకాలి. అర్ధరాత్రయినా, బాపమ్మ నొప్పులు పడుతున్న రోజయినా. కుక్కలకు టైగర్, టామీ, రాణి, రాజు అని నిండు పేర్లు. తాత పేరును సగానికి కోసి చివర ఒక "గా" తగిలించేవాళ్లు. ఆ సగం పేరుతో పిలవడానికి కూడా ఓపిక లేనప్పుడు ఈల.

"ఒక్కసారే ఏసెటోడు" అన్నాడు బాపు. అంటే దొర కూడా తాత నియమాన్ని పాటించాడన్నమాట. ఈలకు మనిషి వచ్చాడంటే పాఠం వచ్చిందని.

ఇక 1978. వెట్టిచాకిరీని రద్దు చేసే చట్టం 1976లోనే వచ్చింది, మా ఊరికి ఆ కబురు రాలేదు. సంఘాలు వచ్చాయి. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. ఊరూరా వెట్టి బంద్ అన్నారు. దొరలకు చాకలి, మంగలి, జీతగాడు ఎవరూ పోవద్దని కట్టడి చేశారు. అక్టోబర్‌లో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఇవన్నీ మీరు చదివిన సంగతులే. చదవనిది మా వాకిట్లో జరిగింది.

ఊళ్లో కట్టడి పడిన మరునాడు పొద్దున అయిదో ఈల వినబడింది. తాత వాకిట్లో చెప్పు కుడుతున్నాడు. లేవలేదు. బాపమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. వాడంతా నిలబడింది. రెండోసారి ఈల. తాత ఆరె దించలేదు, తల ఎత్తలేదు. మూడోసారి ఈల పడ్డప్పుడు వాడ మూల మీద దుమ్ము లేచింది. గడి మనుషులొస్తున్నారని ఆడవాళ్లు పిల్లల్ని లోపలికి గుంజుకున్నారు.

వచ్చింది కుక్కలు. టైగర్ ముందు, మిగతా మూడూ వెనక. ఆ అయిదో ఈల వినబడ్డాక తాత వస్తాడు, తాత వచ్చాక ముద్ద వస్తుందని ఇన్నేళ్లలో అవి నేర్చుకున్నాయి. ఎవరూ నేర్పలేదు. ఈల వినబడినా తాత రాలేదు, అందుకని అవే వెతుక్కుంటూ వచ్చాయి. మాదిగవాడలో, మా వాకిట్లో, దొర కుక్కలు నాలుగు తాత చుట్టూ కూర్చున్నాయి. ముందు పిల్లలు నవ్వారట. తర్వాత వాడంతా నవ్వింది. భయంతో బిగుసుకుపోయిన ఊరు నవ్వితే ఎట్లా ఉంటుందో బాపు చెప్పలేక చేతులు తిప్పాడు.

దొర ఆ తర్వాత హైదరాబాద్ నుంచి ఇత్తడి ఈల తెప్పించుకున్నాడు. కుక్కలకు అది ఈలే కాదు. అవి ఎరిగిన శ్రుతి వేరు. ఇంకో నెలకు దొర కుటుంబం పట్నం పోయింది. కుక్కల్ని తీసుకుపోలేదు.

ఆ మధ్య ఒక రాత్రి కొందరు వచ్చి తాతను చెరువుకట్ట మీదికి తీసుకుపోయారు. గడి మనుషులా, ఇంకెవరన్నానా అంటే చీకట్లో గుర్తుపట్టలేదంటాడు బాపు. గుర్తుపట్టినా చెప్పకూడని రోజులు. తాత బతికొచ్చాడు. ముందు పై పళ్లు రెండు లేవు. అవి లేకపోతే వేళ్లతో ఈల రాదు. మీరు అద్దం ముందు నిలబడి పెదవి మడిచి చూసుకోండి, గాలి ఎక్కడ తగిలి సప్పుడవుతుందో తెలుస్తుంది. తాత ఇంకో ఇరవై ఏళ్లు బతికాడు, ఇంకో ఈల వేయలేదు.

బాపమ్మకు ఏ ఈల పడలేదో, అరుగు మీద నుంచి వచ్చే అయిదో ఈలా, తాత నోట మళ్లీ రాని ఆ నాలుగు ఈలలా, బాపుకు కూడా తెలియదు. ఆమె చెప్పలేదు.

క్లాసులో ఏకలవ్యుడి కథ వచ్చినప్పుడల్లా పిల్లలు బొటనవేలు గురించి అడుగుతారు. అడగాలి కూడా. ఈ సంగతి తెలిశాక నేను కుక్క గురించి కూడా అడుగుతున్నాను. పాండవులు వేటకు పోయారు, వాళ్ల కుక్క దారి తప్పి నల్లగా ఉన్న ఏకలవ్యుణ్ని చూసి మొరిగింది, అతను దాని నోటి నిండా బాణాలు కొట్టాడు. అక్కడి నుంచే కథంతా. మరి ఆ కుక్కను అడవికి ఎవరు తెచ్చారు? వ్యాసుడి భారతంలో ఉంది. వేట సామగ్రి మోసుకుంటూ, కుక్కను పట్టుకుని, పాండవుల వెంట "ఎవరో ఒక మనిషి" వచ్చాడు. అంతే. పేరు లేదు. తర్వాతి శ్లోకాల్లో అతను కనబడడు. ఆ కుక్కకు "రా" నేర్పింది అతనే అయ్యుంటాడు. పరాయివాడు కనబడితే మొరగమని కూడా. ఏకలవ్యుడి వంటి మనిషే అయ్యుంటాడు, ఆ పని రాజకుమారులు చేయరు కదా.

మన భారతం కుక్కతో మొదలై కుక్కతో ముగుస్తుందని ఎంతమంది గమనించారో. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే సరమ అనే దేవశునకం కథ ఉంది. దాని పిల్లను జనమేజయుడి తమ్ముళ్లు ఏ తప్పూ లేకుండా కొడితే, ఆ తల్లి రాజు ముందుకొచ్చి నిలదీసి శపించి పోతుంది. చివర్లో స్వర్గం దాకా ధర్మరాజు వెంట నడిచేదీ కుక్కే. కుక్కకు న్యాయం అడిగే నోరుంది, స్వర్గం గుమ్మం దాకా దారి ఉంది. కుక్కను పట్టుకొచ్చిన మనిషికి ఒక్క పేరు లేదు.

కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949-50 నాటి శాసనం ఒకటి దొరికింది. గంగరాజు బూతుగుడి దగ్గర మణలేరుడు తీసుకున్న కాళి అనే వేటకుక్క అడవిపందితో పోరాడి, పందిని చంపి, తానూ చచ్చింది. దానికి రాయి నిలిపారు, భూమి ఇచ్చారు. నాకు సంతోషమే. కాళికి పేరుండటం మంచిదే. దాన్ని పెంచిన చెయ్యి ఎవరిదని మాత్రం అడగబుద్ధి అవుతుంది. ఇంకా దగ్గరికి రండి. మా పక్క వరంగల్ జిల్లాలో, నిజాం రాజ్యంలోని నెక్కొండ అడవిలో 1902లో వైస్రాయ్ కర్జన్ పులివేట ఆడాడు. రాజా దీన్ దయాళ్ తీసిన ఆ ఫోటోలు ఇప్పటికీ ఇంటర్నెట్లో తిరుగుతుంటాయి. కర్జన్ పేరుంది, భార్య పేరుంది, తేదీ ఉంది. అడవిని తోలి పులిని తుపాకి ముందుకు తెచ్చినవాళ్ల పేర్లు ఎక్కడా కనబడవు.

ఇప్పుడు ఆదిలాబాద్ ముచ్చట. నేను పాఠాలు చెప్పేది ఈ దిక్కునే. పోయిన ఎండాకాలం జన్నారం దిక్కు నుంచి వచ్చే డిగ్రీ పిల్లవాడు ఒకడు స్టాఫ్ రూం బయట నిలబడి, ఆన్‌లైన్లో కొన్న సన్నటి గొట్టం ఒకటి చూపించాడు. "సార్, గిది కుక్క ఈలట. ఎంత ఊదినా మోగుతలేదు. మోసపోయిన్నా?" ఊదాడు. నాకూ ఏమీ వినబడలేదు. వేపచెట్టు కింద పడుకున్న ఊరకుక్క మాత్రం చెవులు నిలబెట్టి తల అటూ ఇటూ వంచింది.

మనిషి చెవి ఇరవై వేల హెర్ట్జ్ దాటితే వినదు. కుక్క నలభై వేలు దాటినా వింటుంది. ఆ తేడాలో మోగే ఈల ఇది. కనిపెట్టింది ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఇంగ్లీషాయన. చేతికర్రలో ఈల బిగించి, కింద రబ్బరు బుడ్డి నొక్కుతూ లండన్ జంతుశాలలో, వీధుల్లో తిరిగాడు. ఏ జంతువు చెవులు రిక్కిస్తుందో చూశాడు. పిల్లులకు బాగా వినబడిందని, చిన్న కుక్కలకు వినబడిందని రాసుకున్నాడు. ఈ సంగతి 1883లో అచ్చయిన అతని పుస్తకంలో ఉంది. అదే పుస్తకంలో, అవే అట్టల మధ్య, అతను ఇంకో మాటను కూడా మొదటిసారి వాడాడు. యూజెనిక్స్. మంచి పుట్టుకవాళ్లను పెంచాలి, తక్కువ పుట్టుకవాళ్లను తగ్గించాలి అనే శాస్త్రానికి పెట్టిన పేరు. ఆ మాట జర్మనీలో ఏం చేసిందో మీకు తెలుసు.

కొందరికే వినబడే ఈల, కొందరే పుట్టాలనే శాస్త్రం, రెండూ ఒకే మనిషి బుర్రలో పుట్టాయి. రాజకీయాల్లో "డాగ్ విజిల్" అనే మాట మీరు వాడుతుంటారు కదా. మన దగ్గర అది చాలా పాత ఈల. కిరాయి ఇల్లు చూడబోతే "మీరు నాన్‌వెజ్ తింటరా?" అని అడుగుతారు. కొత్త ఊళ్లో చేరితే "మీ ఇల్లు ఊళ్లో ఏ దిక్కు?" అంటారు. పక్కన నిలబడ్డ అమెరికావాడికి అది మామూలు పలకరింపు. మనకు మాత్రం చెవులు నిలబడతాయి.

మన భాషలోనూ చూడండి. కుక్కల దుకాణంలో అమ్మేది "జాతి కుక్క". జాతి అనే మాట మనుషులకూ అదే, కుక్కలకూ అదే. కనిపెట్టి పట్టిస్తే పేపర్లో "పోలీసు జాగిలం". మిగతావి ఊరకుక్కలు. సుమతీ శతకంలో బంగారు గద్దె మీద కుక్కను కూర్చోబెట్టిన పద్యం చిన్నప్పుడు మనందరికీ నేర్పారు, పుట్టుబుద్ధి పోదని. ఆ పద్యం చెబుతున్నప్పుడు సార్లు ఏ బెంచీ దిక్కు చూసేవాళ్లో నేను ఆ బెంచీ మీద కూర్చుని చూశాను. 1936లో 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్ కులం రక్తాన్ని శుద్ధిగా ఉంచిందనే ఈ వాదాన్నే పట్టుకుని, ముక్కలు ముక్కలు చేశాడు.

తాత ఆ పని కుక్కతో చేశాడు. దొర కుక్కలు పట్నం నుంచి వచ్చిన జాతి కుక్కలు, సన్న నడుము, పొడుగు కాళ్లు. వాటితో పాటే మా వాడలో పుట్టిన ఒక నల్ల పిల్లకు కూడా తాత నేర్పాడు. దాని పేరు కర్రె. అవే ఈలలు, అదే తాడు, మాంసం ముద్దకు బదులు గట్క ముద్ద. "ఆగు" టైగర్ కన్నా కర్రెకు పది రోజులు ముందే వచ్చిందని బాపు ఇప్పటికీ గర్వంగా చెబుతాడు. ఉరుకుడులో మాత్రం టైగరే ముందు, ఆ కాళ్లు వేరు. అది ఒప్పుకోవాలి. కర్రె పట్టిన కుందేళ్లు కూడా గడిలో టైగర్ లెక్కలోనే పడేవట. ఈ లెక్కల పద్ధతి యూనివర్సిటీల్లో రీసెర్చ్ చేసినవాళ్లకు నేను వివరించక్కర్లేదు.

మళ్లీ పిల్లవాడి దగ్గరికి. నీకు కుక్క ఈల ఎందుకురా అని అడిగాను. వాళ్లకు రెండెకరాల మక్క ఉంది, కవ్వాల్ అడవి అంచున. రాత్రి పందులు పడి తొక్కుతున్నాయి. పక్క చేనువాళ్లు కరెంటు తీగలు పెట్టారు. అడవిపందులకు పెట్టిన తీగ తగిలి మనిషి చచ్చిన వార్త మన పేపర్లలో ఏటా వస్తూనే ఉంటుంది. వీళ్ల నాయిన కూడా తీగ పెడదామంటున్నాడట. వీడు వద్దని, కుక్కను పెంచుతానని పంతం పట్టాడు. కానీ కుక్క పంది వెంట అడవిలోకి పోతే? పట్టి చంపితే? కేసు ఎవరి మీద పడుతుంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మంచి చట్టమే. కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం, అక్కడ కుందేలును కొట్టినా వేటే. ఈ వ్యాసం చదివి ఎవరూ కుక్కలేసుకుని పొదల వెంట పడొద్దు. పంటను పాడుచేసే పందిని కాల్చాలంటే అనుమతి ఇచ్చే దారి ఆ చట్టంలోనే ఉంది. ఆ దారి ఎవరికి తెలుసు, ఎవరి కాగితం కదులుతుంది అనేది వేరే ముచ్చట, ఇంకో వారం రాస్తాను. వేట సరదాగా ఉన్నన్నాళ్లు ఫోటోలో దొర, నేరమయ్యాక కేసులో మనం. ఇప్పుడు వేటగాళ్లను పట్టించే కుక్కలు కూడా ఉన్నాయి. గ్వాలియర్ దగ్గర టెకన్‌పూర్‌లోని బీఎస్ఎఫ్ కేంద్రంలో పులితోలు, దుప్పి మాంసం వాసన పట్టడం నేర్పి పలు రాష్ట్రాల అటవీశాఖలకు పంపుతున్నారు. వాటికీ ముద్ద పెట్టే నేర్పుతారు, తాత చేసినట్టే.

నాకు ఈల రాదు. మా ఇంట్లో ఎందుకు నేర్చుకోలేదో చెప్పాను కదా. పిల్లవాణ్ని ఒక ఆదివారం మా ఊరికి తీసుకుపోయాను. బాపు వాణ్ని ఎగాదిగా చూసి, కుక్క ఏదని అడిగాడు. వాళ్ల పల్లెలోని పిల్ల, మూడు నెలలది అన్నాడు. బాపు పెరట్లోకి పోయి, నోట్లో రెండు వేళ్లు పెట్టి, రెండుసార్లు ఉత్త గాలి ఊది, మూడోసారికి పట్టుకున్నాడు. టుయ్, టుయ్, టుయ్. అరవై నాలుగేళ్ల మా బాపు నోట ఈల వినడం అదే మొదలు నాకు. పక్కింటి గోడ మీది నుంచి ఒక ఆడమనిషి తల బయటపెట్టి, "ఏందే బావా, ఈ ఈడుకు ఈలలు!" అంది.

నాలుగు ఈలల్లో మూడే నేర్పాడు. రా, ఆగు, పక్కకు. "పో" నేర్పలేదు. "నీకు గది అవసరం లేదు బిడ్డా. పందిని చూస్తే అదే పోతది. నీకు కావాల్సింది ఆపుడు" అన్నాడు. అయిదో ఈల ఎట్లుండేదని పిల్లవాడు అడిగాడు. బాపు వినబడనట్టు మంచంలో తాడు బిగించుకున్నాడు.

వానాకాలం మక్క వేశాక పిల్లవాడు ఫోన్ చేశాడు. ఆన్‌లైన్ గొట్టం పక్కన పడేశాడట. కుక్క వినబడినట్టు తల వంచుతుంది కానీ, ఆ ఈలకు శ్రుతి కుదిరిందా లేదా తనకే తెలియదు, తనకు వినబడని మాట కుక్కతో చెప్పడం కుదరదన్నాడు. వేళ్లతోనే వేస్తున్నాడు. పందులొస్తే కుక్క మొరిగి ఒడ్డు దాకా తరుముతుంది, పొడుగు ఈల వేస్తే ఒడ్డు మీద ఆగుతుంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు ఆగుతుందన్నాడు. బాపుకు చెబితే, "ఎనిమిది సాలదు. తాడు మళ్లా కట్టుమను" అన్నాడు.

మొన్న ఇంకోసారి చేశాడు. గొంతు వేరుగా ఉంది. తెల్లారుజామున మంచె మీద ఉంటే అడవి లోపలి నుంచి ఈల వినబడిందట. ఒకటి కాదు, ఒక దిక్కు నుంచి ఒకటి, ఇంకో దిక్కు నుంచి దానికి జవాబు. మనుషులెవరో వేటకొచ్చారనుకుని భయపడి దిగబోయాడు. వాళ్ల తాత చెయ్యి పట్టి ఆపి, అవి రేసుకుక్కలు, మనుషులు కాదన్నాడు. కవ్వాల్‌లో ఉన్నాయవి, ఎర్రగా, నల్ల కుచ్చు తోకతో, గుంపులుగా. దట్టమైన అడవిలో గుంపు చెదిరిపోతే ఒకదాన్నొకటి ఈల వేసి పిలుచుకుని కలుసుకుంటాయి. ఎవరూ నేర్పలేదు, ఎవరి పెంపకమూ కాదు.

"మరి నీ కుక్క ఏం చేసిందిరా?" అన్నాను.

"లేచి నిలవడ్డది సార్. అటు జూసింది, మళ్ల నా మొకం జూసింది. నేనైతే ఏ ఈలా వెయ్యలే."